ఇద్దరికీ ఒకే లాయరు

నేను ఒక భోజనాల బల్లని. ఏలూరులో ఒక అపార్టుమెంటు రెండో అంతస్తులో, వంటగదికీ హాలుకీ మధ్య ఇరుకు జాగాలో నిలబడి ఉంటాను. నా మీద అన్నం తినేవాళ్ళు ఉన్నారు, కాదనను. కానీ అన్నం కన్నా ఎక్కువసేపు నా మీద ఉండేవి కరెంటు బిల్లులు, బీపీ మాత్రలు, ఇస్త్రీకి వెళ్ళాల్సిన బట్టలు, ఎవరివో శుభలేఖలు. కొనేటప్పుడు మనుషులు "అందరం కలిసి కూర్చుని తినొచ్చు" అంటారు. కొన్నాక కంచాలు పట్టుకుని టీవీ ముందుకి పోతారు.

ఈ ఇంట్లో కాపురం ముగిసింది నా మీద పరిచిన ఒక ప్లాస్టిక్ షీటు దగ్గర. ఆ పొద్దున్న నీరజ షీటు అంచు ఎత్తి చూసింది. కింద ఎప్పటిదో సాంబారు చేరి జిగటగా ఉంది.

"ఈ షీటు తీసి పారేస్తున్నానండీ," అంది.

ఫణికుమార్ ఇడ్లీ తుంచుతూ తలెత్తలేదు. "తీస్తే బల్ల పాడవుతుంది."

"వేస్తేనే పాడవుతోంది. వాసన చూడండి."

"నాకేం రావట్లేదే."

పూజగూట్లోంచి ఫణి తల్లి రాజ్యలక్ష్మమ్మ గొంతు వచ్చింది. "ఆ షీటు నేను బందరు నుంచి మోసుకొచ్చానమ్మాయ్. దానికేం రోగం?"

"నీకు ఈ ఇంట్లో ఏదీ నచ్చదు," అన్నాడు ఫణి.

"నచ్చనిది ఏమిటని పన్నెండేళ్ళలో ఒక్కసారైనా అడిగారా?"

సాంబార్లో ఇడ్లీ నాని విడిపోయింది. తరువాత ఫణి, గ్యాసు బండ బుక్ చేయమని చెప్పేంత మామూలుగా అన్నాడు. "మనం విడిపోదాం నీరజా. గొడవ లేకుండా."

నీరజ షీటు అంచు మళ్ళీ సరిగా పరిచింది. "సరే," అంది. ఆ తరువాత అంది, "ఇంకో ఇడ్లీ వెయ్యనా?"

"ఒకటి చాలు."

అంతే. మనుషులు పెళ్ళికి పదిమందిని పిలిచి బాజాలు వాయిస్తారు. అది అయిపోవడానికి ఒక ఇడ్లీ చాలింది.

నా సంగతి కొంత చెప్పాలి, లేకపోతే వీళ్ళ మధ్యకి నేనెలా వచ్చానో మీకు తెలియదు. నేను ముందు ఒక బియ్యం మిల్లులో దూలాన్ని. మిల్లు పడగొట్టాక వీరభద్రాచారి అనే వడ్రంగి నన్ను తూచి తెచ్చుకున్నాడు. ఇనుప మేకు ఒక్కటి కొట్టకుండా, చెక్కలోకి చెక్క దిగేలా అతికించాడు. "ఇది విరగదు, కావాలంటే విప్పుకోవచ్చు," అని గర్వంగా చెప్పేవాడు. పెళ్ళిళ్ళు చేసేవాళ్ళు ఆ మాట చెప్పగా నేను వినలేదు.

మొదట నన్ను కొన్నది సూరేకాంతమ్మ అనే ఆవిడ. బస్టాండు వెనక మెస్సు నడిపేది. బ్యాంకు గుమాస్తాలు, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన కుర్రాళ్ళు నా చుట్టూ కూర్చుని, పేపరు నాలుగు మడతలు పెట్టి, పక్కవాడి మొహం చూడకుండా తినేవారు. పాపం, ఇల్లు లేనివాళ్ళు కదా, ఒంటరిగా తింటున్నారు అనుకునేదాన్ని. ఇల్లున్నవాళ్ళ సంగతి అప్పటికి నాకు తెలియదు.

సూరేకాంతమ్మ మోకాళ్ళు మొరాయించి మెస్సు మూసేసినప్పుడు నన్ను చూడ్డానికి ఒక కొత్త జంట వచ్చింది. ఫణికి అద్దం పైనున్న బల్ల కావాలి. నీరజ మాత్రం వంగి నా అడుగు భాగం చూసింది, అతుకుల్లో గోరు పెట్టి చూసింది. "పైన మసి గానీ, లోపల గట్టిది," అంది. మహిళా కళాశాలలో బీయే చదివిన పిల్ల. ఏ వస్తువైనా తిరగేసి చూడకుండా కొనే రకం కాదు. మొగుణ్ణి మాత్రం అలా చూసే అవకాశం ఎవరూ ఇవ్వలేదు. పెళ్ళిచూపుల్లో ఇచ్చింది పావుగంట.

నాలుగు రోజులు ఆమె గరుకు కాగితంతో నన్ను రుద్ది, తనే పాలిష్ పెట్టింది. ఫణి పక్కన స్టూలేసుకుని కూర్చుని, "ముక్కు మీద ఉంది," "చెంప మీద ఉంది" అని చెబుతూ టీ కలిపి ఇచ్చేవాడు. నేను చూసినంతలో వాళ్ళు మొగుడూ పెళ్ళాల్లా ఉన్నది ఆ నాలుగు రోజులే. తరువాత రాజ్యలక్ష్మమ్మ వచ్చింది, చార్వి పుట్టింది, ఫణికి మందుల కంపెనీలో మేనేజరు పదవి వచ్చింది, నా మీదకి ప్లాస్టిక్ షీటు వచ్చింది. రెండేళ్ళుగా నీరజ, చార్వి ఒక గదిలో, ఫణి ఇంకో గదిలో. "నాన్నకి చెప్పు, పాలు అయిపోయాయని." "అమ్మకి చెప్పు, సాయంత్రం తెస్తానని." రెండు కుర్చీల మధ్య దూరం మూడడుగులు. తొమ్మిదేళ్ళ చార్వి ఆ మూడడుగులూ రోజుకి పదిసార్లు మోసేది.

విడాకుల మాట వచ్చిన మర్నాడు ఒక వింత జరిగింది. ఫణి తనంతట తనే ఆ షీటు చుట్టి బయట పడేశాడు. తిన్న కంచం తనే తీసుకెళ్ళి సింకులో పెట్టాడు. రాజ్యలక్ష్మమ్మ కోడలికి ముందుగా కూర వేసింది. "తిను తల్లీ, ఎండిపోతున్నావు. ఏమైనా నువ్వు నాకు కూతురివే," అంది. ఇంట్లో అరుపులు ఆగిపోయాయి. చార్వి హోంవర్కు చేస్తూ పాటలు పాడుకునేది. కాపురం ఉన్నన్నాళ్ళూ రాని మర్యాద కాపురం పోతోందనగానే వచ్చింది. చుట్టం వెళ్ళే రోజున కదా మనకి ఆ చుట్టం మీద ప్రేమ పొంగేది.

ఫణి చిన్ననాటి స్నేహితుడు శేషగిరి లాయరు. ఒక సాయంత్రం వచ్చి నా మీద బ్రీఫుకేసు పెట్టి, పకోడీలు తింటూ వివరంగా చెప్పాడు.

"మ్యూచువల్ చెల్లెమ్మా. పరస్పర అంగీకారం. ఇందులో వాది లేడు, ప్రతివాది లేడు. వీడు ఒకటో పిటిషనరు, నువ్వు రెండో పిటిషనరు. ఇద్దరికీ నేనే. ఇవాళ వేస్తే ఆరు నెలల తరువాత ఇంకోసారి వెళ్ళి అవునంటే అయిపోయింది. రెండో లాయర్ని పెట్టడమంటే ఏమిటో తెలుసా? గొడవని జీతమిచ్చి ఇంట్లో పెట్టుకోవడం."

"చార్వి?" అంది నీరజ.

"చార్వి నీ దగ్గరే," అన్నాడు ఫణి వెంటనే. "ఆదివారాలు నేను తీసుకెళ్తాను. అంతేగా?"

"అంతే."

"ఇంత బుద్ధిగా విడిపోయేవాళ్ళని నేను చూళ్ళేదురా," అని శేషగిరి ఇంకో పకోడీ తీసుకున్నాడు.

ఈ ఒప్పందానికి సాక్షిని నేనే. బల్లల్ని కోర్టుకి పిలవరు.

వెంటనే సంతకాలు అయిపోయేవే. రాజ్యలక్ష్మమ్మ ఒప్పుకోలేదు. ఆషాఢంలో మంచి పనులు చేయకూడదట. పురోహితుడికి ఫోను చేసి, ఏం పనో చెప్పకుండా, "కాగితాల మీద సంతకం పెట్టాలండీ," అంది. ఆయన పొలమో ఇల్లో రిజిస్ట్రేషను అనుకున్నాడు. శ్రావణంలో ఒక ఆదివారం, మధ్యాహ్నం ఒంటి గంట ఇరవైకి దివ్యంగా ఉందన్నాడు, కలిసొస్తుందన్నాడు. ఇంట్లో భోజనాలు చేసి, సంతకాలు పెట్టి, సోమవారం కోర్టులో వేయాలని నిర్ణయమైంది. పెళ్ళికి పెట్టిన ముహూర్తం ఏమైందని ఎవరూ పురోహితుణ్ణి అడగలేదు.

ఆదివారానికి పది రోజుల ముందు శేషగిరి పంపిన కాగితాలు వచ్చాయి. మర్నాడు పొద్దున్నే, ఇల్లు లేవకముందు, ఫణి వాటిని నా మీద పెట్టుకుని కూర్చున్నాడు. చేతిలో చార్వి పెన్సిలు. ఒకచోట ఆగి గట్టిగా ఒత్తి ఏదో దిద్దాడు. షీటు లేదు కాబట్టి ఆ మొన ఒత్తిడి నాకు తగిలింది. మళ్ళీ కాగితాలు కవర్లో పెట్టి స్నానానికి వెళ్ళాడు.

చార్విని బస్సెక్కించి వచ్చాక నీరజ కూర్చుంది. ఎనిమిది పేజీల ఇంగ్లీషు. కూతురి స్కేలు తెచ్చి ఒక్కో వాక్యం కింద పెట్టి, అర్థం తెలుగులో పైకి చెప్పుకుంటూ చదివింది. బియ్యంలో రాళ్ళు ఏరేటప్పుడు ఆమె వేళ్ళు ఎలా కదులుతాయో అలాగే కదిలాయి. మూడు పేజీలు సాఫీగా నడిచాయి. నాలుగో పేజీలో స్కేలు ఆగిపోయింది.

"రెండో పిటిషనరు అయిన భార్య పద్దెనిమిది నెలల క్రితం తన ఇష్టపూర్వకంగా, మైనరు కుమార్తెను మొదటి పిటిషనరు వద్ద వదిలి, పుట్టింటికి వెళ్ళి అక్కడే నివసిస్తున్నది."

ఆమె ఆ వాక్యం మూడుసార్లు చెప్పుకుంది. కుక్కరు కూతలు పెడుతోంది. ఆమె లేవలేదు. పద్దెనిమిది నెలలు. ఈ పద్దెనిమిది నెలల్లో ఆమె నన్ను తుడవని రోజు నాకు తెలిసి నాలుగు, వాళ్ళ పెదనాన్న కర్మలకి వెళ్ళినప్పుడు. అప్పుడు కూడా చార్విని వెంట తీసుకెళ్ళింది.

కింద ఇంకో వాక్యం. "కుమార్తె తండ్రి సంరక్షణలోనే కొనసాగును. తల్లి ప్రతి నెలా రెండో శనివారం చూడవచ్చును." ఆ పక్కనే చార్వి మూడో తరగతి చదువుతున్నట్టు ఉంది. మూడు కొట్టేసి, పెన్సిలుతో నాలుగు అని వేసి ఉంది.

నీరజ ఆ అంకె మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. పన్నెండేళ్ళు పచారీ చీటీల మీద చూసిన చేతిరాత అది.

ముందు శేషగిరికి ఫోను చేసి, స్పీకరు పెట్టి నా మీద ఉంచింది. "అన్నయ్యగారూ, నేను ఇంట్లోంచే మాట్లాడుతున్నాను. వెళ్ళిపోయానని రాశారేమిటి?"

"ఏడాది పైన విడివిడిగా ఉంటేనే కోర్టు తీసుకుంటుందమ్మా. ఎవరో ఒకరు వెళ్ళినట్టు రాయాలి. మగాడు ఇల్లు వదిలిపోయాడంటే బాగుంటుందా?"

"పాపని వదిలి అని ఎందుకు?"

"పాప స్కూలు ఇక్కడ, ఆధార్ అడ్రసు ఇక్కడ. నువ్వు పుట్టింట్లో ఉన్నావని రాసి, పాప నీ దగ్గరుందంటే జడ్జిగారు స్కూలెక్కడ అని అడగరూ? అబద్ధం అతకాలి కదా చెల్లెమ్మా."

"రెండో శనివారం?"

"అబ్బ, కాగితం వేరు, మనుషులు వేరు. మీరిద్దరూ అనుకున్నట్టే జరుగుతుంది. ఫణి గాడు నీకు తెలీదా?"

సాయంత్రం ఫణి టీ తాగుతుంటే ఆమె అడిగింది. "మీరు ఆ కాగితాలు చదివారా?"

"నేనెక్కడ చదివాను? శేషు రాశాడు, వాడికి తెలుసుగా."

నీరజ నాలుగో పేజీ ఆయన ముందు పెట్టి, ఆ అంకె చూపించింది. ఫణి కప్పు దింపాడు. తడి గుండ్రంగా నా మీద పడింది.

"అది... క్లాసు తప్పు పడిందని."

"మిగతాదేదీ తప్పు పడలేదా అండీ?"

ఆయన ఆ పేజీ తిప్పి బోర్లా పెట్టాడు. చెడ్డవాడైతే కేకలేసేవాడు, ఆమెకి పని సులువయ్యేది. ఫణి చెడ్డవాడు కాదు. ఎవరో తనకి అనుకూలంగా రాసి తెస్తే వద్దనే ఓపిక లేనివాడు. "అదంతా ఫార్మాలిటీ నీరజా. ఇప్పుడు మళ్ళీ మొదలెట్టకు. ఇంట్లో నాలుగు రోజులు ప్రశాంతంగా ఉంటే నీకు తోచదు," అని లేచి వెళ్ళాడు.

వార్త తాడేపల్లిగూడెంలో నీరజ పుట్టింటికి చేరింది. రెండు రోజుల్లో నీరజ అన్నయ్య రఘురాం అరటిపళ్ళ గెల పట్టుకుని దిగాడు. ఎరువుల కొట్టు నడుపుతాడు. మనిషి మంచివాడే, చెల్లెలంటే ప్రేమే. ఆ ప్రేమ చెల్లెలు పేచీ పెట్టనంతవరకే.

"నీరూ, విడాకులంటే స్టేషన్లు, కేసులు, పదిమంది నోళ్ళు. బావగారు నోరెత్తకుండా సంతకం పెడతానంటున్నారు. మనం లాయర్ని పెట్టామంటే కయ్యానికి కాలు దువ్వింది మనమే అవుతాం."

"నేను పిల్లని వదిలి మీ ఇంటికొచ్చి ఏడాదిన్నర అయిందట అన్నయ్యా. వదిన నాకు అన్నం పెట్టినట్టు గుర్తుందా?"

"వెటకారం వద్దు. నీ కోసం మేడ మీద గది ఖాళీ చేయించాను. మీ వదిన ఏమీ అనలేదు. నువ్వు మర్యాదగా బయటికొస్తే అక్కడ మర్యాదగా ఉంటావు. లాయరూ అదీ అన్నావనుకో, నేను మధ్యలో నిలబడలేను. నాకూ ఇల్లుంది."

"గదికి గొళ్ళెం లోపలుందా, బయటుందా అన్నయ్యా?"

రఘురాం అరటిపండు వొలిచిన తొక్క నా మీద పెట్టి చేతులు దులుపుకున్నాడు. తొక్క ఆమె తీసింది.

ఉద్యోగం లేదు. పన్నెండేళ్ళుగా చూపించడానికి ఏమీ లేని బీయే పట్టా ఒకటి ఉంది. వెళ్ళడానికి ఉన్న ఒక్క గదీ నోరు మూసుకుంటేనే. నోరు మూసుకుంటే కూతురు నెలకి ఒక్కసారి. ఆ వారమంతా నీరజ నన్ను అవసరం లేకుండా తుడుస్తూ ఉండేది.

మూడో అంతస్తులో భ్రమరాంబగారని లాయరు ఉన్నారు. డాబా మీద వడియాలు ఎండబెట్టేటప్పుడు కలిసే పరిచయం. గురువారం మూడింటికి, రాజ్యలక్ష్మమ్మ గుడికి వెళ్ళిన వేళ, నీరజ ఆవిణ్ణి కిందికి పిలిచింది. యాభై దాటిన మనిషి. కళ్ళజోడు ముక్కు మీదకి జార్చి, వేయించిన పల్లీలు ఒక్కొక్కటే నములుతూ ఎనిమిది పేజీలూ చదివారు. నాలుగో పేజీ దగ్గర పల్లీలు ఆగాయి.

"ఈయన ఎవరి లాయరమ్మా?"

"ఇద్దరికీ అండీ."

"ఇద్దరూ ఒకేసారి ఫోను చేస్తే ముందు ఎవరిది ఎత్తుతాడు?"

నీరజ నవ్వలేదు. భ్రమరాంబగారు కూడా నవ్వించడానికి అనలేదు.

"విను. ఒకే కప్పు కింద ఉన్నా, కాపురం లేకపోతే విడిగా ఉన్నట్టే చెప్పుకోవచ్చు. నువ్వు ఇల్లు వదిలావని రాయనక్కర్లేదు. ఈ అబద్ధం చట్టానికి అవసరం లేదు, వాళ్ళకి అవసరం. దీని కింద సంతకం పెడితే, పిల్లని నువ్వే వదిలేశానని నీ చేత్తో నువ్వు ఒప్పుకున్నట్టు. రేపు ఏ ఆదివారమో తీసుకెళ్ళి పిల్లని వెనక్కి పంపకపోతే నువ్వు ఏ కాగితం పట్టుకుని అడుగుతావు?"

"ఆయన అలా చేయరండీ."

"చేయడేమో. చేయనివాడు రాసిస్తే తప్పేముంది?"

ఆవిడ సంచిలోంచి ఒక కాగితం తీసి నా మీద పెట్టారు. "ఇది వకాలతు. సంతకం పెడితే నీ లాయర్ని. పెట్టకపోతే పైఇంటి భ్రమరాంబని. రెండిటికీ టీ ఇవ్వాల్సిందే. కానీ ఒక్క మాట ముందే చెప్తాను. నేను గుమ్మంలో అడుగుపెట్టిన రోజున ఈ ఇంట్లో మర్యాద పోతుంది. ఇప్పుడు నిన్ను కూతురన్నవాళ్ళే నానామాటలూ అంటారు. విడాకులు కొంత ఆలస్యం కూడా కావచ్చు. ఆలోచించుకో."

నీరజ వకాలతు కాగితాన్ని పచారీ చీటీల పుస్తకంలో దాచింది. శుక్రవారం దాన్ని తీసి చూసి మళ్ళీ పెట్టింది. ఆ రోజు ఇంట్లో అందరూ మరీ మంచిగా ఉన్నారు. ఫణి చార్విని బండి మీద తిప్పి ఐస్‌క్రీము తినిపించి తెచ్చాడు. పిల్ల వచ్చి తల్లి మెడ చుట్టూ చేతులేసి, "మన ఇల్లు ఇప్పుడు బాగుందమ్మా," అంది. పుస్తకం మళ్ళీ అలమర్లోకి వెళ్ళింది.

శనివారం మధ్యాహ్నం. స్కూలు ఒంటిపూట. చార్వి నా మీద లెక్కల నోట్సు పరిచి రాసుకుంటోంది. నీరజ ఎదురుగా కూర్చుని చిక్కుళ్ళు ఈనె తీస్తోంది.

"అమ్మా, రెండో శనివారం అంటే నెలకి ఒకటేనా?"

చిక్కుడుకాయ ఆమె చేతిలో సగంలో ఆగింది. "ఎందుకురా?"

"నాన్నమ్మ చెప్పింది. నువ్వు మావయ్యా వాళ్ళింట్లో ఉంటావంట, రెండో శనివారం వస్తావంట. నా పుస్తకాలు నాన్నమ్మ తన అలమర్లో సర్దేసింది. నా పుట్టినరోజు మంగళవారం వచ్చిందమ్మా ఈసారి. మంగళవారం రావచ్చా?"

నాకు చెవులుంటే మూసుకునేదాన్ని. కాగితం వేరు, మనుషులు వేరు అన్నాడు శేషగిరి. ఆ కాగితం ఇంకా సంతకం కాకముందే పిల్ల పుస్తకాలు గది మారాయి.

"రావచ్చు," అంది నీరజ. "నేను ఎక్కడికీ వెళ్ళట్లేదు. నువ్వు ఆ ఏడో లెక్క మళ్ళీ చెయ్యి, తప్పు వచ్చింది."

చార్వి తల వంచి మళ్ళీ మొదలుపెట్టింది. నీరజ లేచి చేతులు కడుక్కుని, పచారీ పుస్తకం తెచ్చి, ఆ కాగితాన్ని కూతురి నోట్సు పక్కనే పెట్టి, చార్వి పెన్ను అడిగి తీసుకుని సంతకం చేసింది. పూర్తి పేరుతో చేసింది. తల్లీ కూతుళ్ళు ఇద్దరూ నా మీద ఒకేసారి రాసుకున్నారు.

ఆదివారం వచ్చింది. రాజ్యలక్ష్మమ్మ పొద్దున్నే తలంటి పోసుకుని పరమాన్నం వండింది. మంచి పని ముందు నోరు తీపి చేసుకోవాలట. గుత్తివంకాయ, పప్పుచారు, అప్పడాలు. కొత్తవాళ్ళు చూస్తే ఆ ఇంట్లో నిశ్చితార్థం అనుకునేవారు. చార్వికి ముందే అన్నం పెట్టి, నీరజ ఆమెని భ్రమరాంబగారి ఇంటికి ఆడుకోవడానికి పంపింది.

పన్నెండున్నరకి నలుగురూ కూర్చున్నారు. ఫణి, అతని తల్లి, రఘురాం, శేషగిరి. కాగితాల కవరు, రెండు కొత్త పెన్నులు నా మూలన ఉన్నాయి. కవరు మీద రాజ్యలక్ష్మమ్మ నాలుగు మూలలా పసుపు రాసింది. నీరజ వడ్డిస్తోంది.

"వంకాయ అదిరింది చెల్లెమ్మా. ఇలాంటి చేతివంట వదులుకుంటున్నాడు, వీడి ఖర్మ," అన్నాడు శేషగిరి.

ఫణి కూడా చిన్నగా నవ్వాడు. రఘురాం నవ్వాలా వద్దా అని చూసి నవ్వాడు.

నీరజ పప్పుచారు గిన్నె నా మీద దింపింది. గరిటె పక్కన పెట్టింది.

"నేను ఈ కాగితాల మీద సంతకం పెట్టట్లేదు," అంది.

నలుగురి చేతులూ కంచాల్లోనే ఉన్నాయి.

"విడాకులు వద్దనట్లేదు. ఇస్తాను. స్నేహంగానే ఇస్తాను. పైన భ్రమరాంబగారు నా లాయరు, నిన్న వకాలతు సంతకం చేశాను. కొత్త కాగితం ఆవిడా, శేషగిరి అన్నయ్యగారూ కూర్చుని రాస్తారు. అందులో నేను ఇల్లు వదిలి వెళ్ళానని ఉండదు. చార్వి నా దగ్గర ఉంటుందని ఉంటుంది. నోటితో అనుకున్నదే రాతలో ఉంటుంది. అంతే."

"ఇంత చిన్నదానికి లాయరెందుకు చెల్లెమ్మా? నాతో అంటే ఒక్క లైను మార్చేవాణ్ణి," అన్నాడు శేషగిరి.

"ఫోన్లో అన్నాను కదా. అబద్ధం అతకాలన్నారు."

శేషగిరి అప్పడం విరిచాడు. ఆ చప్పుడు అందరికీ వినిపించింది.

రఘురాం మొహం ఎర్రబడింది. "నాతో ఒక్క మాట చెప్పావా? నన్ను ఇంతదూరం పిలిచి, నలుగురిలో కూర్చోబెట్టి... ఇక ఆ గది సంగతి నన్నడగకు." లేచాడు. పెరుగన్నం తినకుండా, కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. ఈవైపు ఇళ్ళల్లో అంతకన్నా పెద్ద తిట్టు లేదు.

"సరే అన్నయ్యా," అంది నీరజ.

"అయితే ఇది మ్యూచువల్ కాదు," అన్నాడు ఫణి. ఆయన గొంతులో ఇన్ని రోజుల మెత్తదనం లేదు. "నువ్వే మొదలుపెట్టావు. రేపు కోర్టులో అది వస్తుంది, ఇది వస్తుంది. నేను కూడా ఏం మాట్లాడాలో అది మాట్లాడతాను."

"మాట్లాడండి. ఎదురుగానే కూర్చుంటాను."

రాజ్యలక్ష్మమ్మ అప్పటిదాకా పరమాన్నం గిన్నె మీద చెయ్యేసి కూర్చుంది. ఆ గిన్నెని తన వైపు లాక్కుంది. "చూశావురా ఫణీ? పాము. ఇన్నాళ్ళూ పాలు పోశాను. నిన్న చిక్కుళ్ళు ఈనె తీస్తూ మౌనంగా కూర్చుంటే మంచిదైపోయిందనుకున్నాను. ఇద్దరు లాయర్లంటే ఊరంతా తెలిసిపోతుంది. పరువు పోతుందని లేదటే నీకు?"

ఆమె మొన్నటిదాకా అన్న "తల్లీ" ఒక్క నిమిషంలో "లేదటే" అయింది. మర్యాద ఈ ఇంట్లోకి ఎంత తేలిగ్గా వచ్చిందో అంత తేలిగ్గానే లేచిపోయింది.

నీరజ అన్నయ్య వదిలిన కుర్చీలో కూర్చుంది. నీళ్ళు పోసిన ఆ కంచం పక్కకి జరిపి, శుభ్రమైనది ఒకటి తీసుకుని, అన్నం పెట్టుకుని, వంకాయ వేసుకుంది.

"పోతుంది అత్తయ్యగారూ. ఇద్దరు లాయర్లుంటే పరువు పోతుంది. ఒక్కడే ఉంటే పిల్ల పోతుంది. నేను పరువు పోగొట్టుకుంటాను."

అని, ముద్ద కలుపుకుంది.